పదకొండో ఎత్తు

“అపెండిక్స్ తీశామా?”

మత్తులో ఉన్న పేషెంటు పొట్ట మూసేయడానికి సూది అందుకుంటూ డాక్టర్ పిచ్చేశ్వరరావు అడిగాడు.

థియేటర్లో అందరూ ఆయన వైపు తిరిగారు. తీసిన అపెండిక్స్ సిస్టర్ సరోజ పక్కనున్న ట్రేలో ఉంది. కాసేపటి క్రితం దాన్ని కోసి అందులో వేసింది ఆయనే.

ముందుగా సరోజ నవ్వింది. “బాగుందండీ డాక్టరుగారూ. హడలగొట్టేశారు నన్ను.”

పేషెంటు తల దగ్గర కూర్చుని ఊపిరి గమనిస్తున్న డాక్టర్ హఫీజ్ నవ్వలేదు. మత్తుమందు ఇవ్వడం ఆయన పని. మాస్కు పైనుంచి కనిపించే పిచ్చేశ్వరరావు కళ్ళని సగం జీవితంగా చూస్తున్నాడు. అవి జోకు వేసిన కళ్ళు కావు. జవాబు కోసం ఎదురుచూస్తున్న కళ్ళు.

“తీశాం బావా. ట్రేలో ఉంది” అన్నాడు మామూలుగా.

“ఆఁ” అన్నాడు పిచ్చేశ్వరరావు. వంగి కుట్టు వేశాడు. ఎప్పటిలాగే చక్కగా పడింది. ఆ చేతికి తడబాటు లేదు, వణుకు లేదు. హఫీజ్‌కి భయం వేసింది అందుకే.

అది మొదటిసారి కాదు. పోయిన నెల హెర్నియా కేసులో కుడివైపు చేయాల్సింది ఎడమవైపు గీత గీశాడు. హఫీజ్ చెవిలో చెబితే, “అవునవును, నువ్వు మేలుకునే ఉన్నావా లేదా అని చూశా” అన్నాడు. అప్పుడు హఫీజ్ కూడా నవ్వేశాడు.

ఈసారి నవ్వి ఊరుకోవడానికి లేదు. సోమవారం కనకరత్నం ఆపరేషన్ ఉంది.

కనకరత్నం నాగాయలంక దగ్గర ఒక పల్లెలో టీచరు. గొంతు మీద నిమ్మకాయంత గడ్డ. థైరాయిడ్. కోయడం పెద్ద విద్యేం కాదు గానీ, దాని వెనకే మాటకి ఆధారమైన నరం వెళ్తుంది, దారపు పోగంత సన్నంగా. అది తెగితే గొంతు పోతుంది. ఒక్కోసారి ఆ నరం ఉండాల్సిన చోట ఉండదు. ఒక్కోసారి ముడి జారి రక్తం చిమ్ముతుంది. అప్పుడు సర్జన్ బుర్ర పనిచేయాలి. చెయ్యి ఒక్కటీ చాలదు.

ఆమె వేరే డాక్టర్ని ఒప్పుకోదు. డెబ్భై ఏడు ఉప్పెన తర్వాత అవనిగడ్డలో బడి బల్లల మీద పడుకోబెట్టి ఆపరేషన్లు చేసినవాడు పిచ్చేశ్వరరావు. అప్పుడు కనకరత్నం చిన్నపిల్ల. ఇంటి దూలం పడి కాలు నలిగిపోయింది. తీసేయాలని అందరూ అన్నారు. ఆయన ఒక్కడే పట్టుబట్టి నిలబెట్టాడు. ఆ కాలితోనే ఆమె ఇప్పుడు బడికి నడిచి వెళ్తోంది. దివిసీమలో ఇలాంటి కథ లేని ఊరు లేదు. ఆయన హస్తవాసి అలాంటిది, ఆ చెయ్యి తగిలితే చాలు అంటారు.

ఇప్పుడు ఆ చెయ్యి ఉంది. దాని వెనక మనిషి ఎంత మిగిలాడో తెలియడం లేదు.

* * *

పిచ్చేశ్వరరావు భార్య సుభాషిణి నర్సింగ్ హోమ్ వ్యవహారాలన్నీ చూసుకుంటుంది. కింద ఆఫీసు గదిలో హఫీజ్ తలుపు మూసి కూర్చున్నాడు.

“చెల్లెమ్మా, బావకి ఒంట్లో బాలేదు.”

“ఏం లేదన్నయ్యా. మొన్ననే అన్ని టెస్టులూ చేయించాను. షుగర్ కూడా లేదు.”

“షుగర్ కాదమ్మా.”

థియేటర్లో జరిగింది చెప్పాడు. సుభాషిణి విన్నంతసేపూ కిటికీ వైపే చూసింది. బయట రిక్షావాడెవడో బెల్లు కొడుతున్నాడు.

“కళ్ళజోడు నెత్తిన పెట్టుకుని ఇల్లంతా వెతుక్కుంటాను నేను. నన్నేం చేస్తారు మరి?”

“నువ్వు కత్తి పట్టవు కదమ్మా.”

ఆమె బల్ల మీది కాగితాలు సర్దింది.

“సోమవారం కేసు లక్ష్మీకాంతానికి ఇద్దాం. గుడివాడ నుంచి పొద్దున్నే బయల్దేరితే చాలు. బావ దగ్గర పని నేర్చుకున్నవాడే.”

“ఆవిడ ఒప్పుకోదు. ఈయన అసలే ఒప్పుకోరు. నీకు భయంగా ఉంటే నువ్వు తప్పుకో అన్నయ్యా, మత్తివ్వడానికి విజయవాడ నుంచి ఇంకొకర్ని పిలుస్తాను.”

వచ్చే కొత్తవాడికి ఆ కళ్ళు తెలియవు. ఎడమవైపు గీత గీస్తే చెవిలో చెప్పే మనిషి కూడా ఉండడు.

“నేను తప్పుకోను. నాకు సాక్ష్యం కావాలి” అన్నాడు. “మతి సరిగ్గా ఉందని ఎవరైనా నాకు చూపిస్తే నోరు మూసుకుంటాను.”

సుభాషిణి ఇటు తిరిగింది.

“ఆదివారం మీరిద్దరూ ఎలాగూ చదరంగం ఆడతారుగా. ఈసారి అందరి ముందూ ఆడండి. మతి పోతున్న మనిషి గుర్రాన్ని బలిచ్చి ఆట నడపగలరా? మీ బావ ఆడలేకపోతే సోమవారం నేనే థియేటర్‌కి తాళం వేస్తాను. ఆడితే మాత్రం, ఈ మాట మళ్ళీ నీ నోట రాకూడదు.”

హఫీజ్ ఒప్పుకున్నాడు. న్యాయంగానే అనిపించింది. చదరంగం ఆడేవాళ్ళందరికీ ఉండే నమ్మకమే అది. ఆట బాగుంటే బుర్ర బాగున్నట్టే అనుకుంటారు.

* * *

ఆదివారం మధ్యాహ్నం వాన వెలిసింది. మేడ మీద వరండాలో బల్ల వేశారు. సుభాషిణి భర్త పక్కన కూర్చుంది. సరోజ గోడకి ఆనుకుని నిలబడింది. తెల్లారితే ఆపరేషన్ కావాల్సిన కనకరత్నం కూడా మెడకి తువ్వాలు చుట్టుకుని ప్లాస్టిక్ కుర్చీలో వచ్చి కూర్చుంది. ఆమె వెనక ఆమె భర్త.

“చూడ్డానికి టిక్కెట్టేమైనా పెట్టామా సుభా? ఇంతమంది వచ్చారు” అన్నాడు పిచ్చేశ్వరరావు తెల్లపావులు సర్దుకుంటూ. ఇస్త్రీ చొక్కా, నున్నగా దువ్విన జుట్టు. పెళ్ళికొడుకులా ఉన్నాడు.

ఆయన రాజు ముందున్న బంటుని రెండు గడులు తోశాడు. హఫీజ్ నల్లబంటుని ఎదురుగా పెట్టాడు.

“మా ఊళ్ళో బంటు మొదటిసారైనా ఒక్క గడే వెళ్తుందండీ” అన్నాడు కనకరత్నం భర్త.

“మీ ఊరికి బస్సు కూడా సగం దూరమే వస్తుందటగా” అన్నాడు పిచ్చేశ్వరరావు.

“అవునండి. మిగతా సగం ట్రాక్టరే.”

అందరూ నవ్వారు. కనకరత్నం మొగుణ్ణి మోచేత్తో పొడిచింది. పిచ్చేశ్వరరావు రెండో బంటుని తోశాడు. ఊరికే తినమని ఇచ్చే బంటు. హఫీజ్ తిన్నాడు.

ఈ ఎత్తుల వరస పేరు కింగ్స్ గ్యాంబిట్. అందులోనూ ముజియో అనే రకం. ప్రాణాలకి తెగించినవాళ్ళు ఆడే ఆట. మొదట బంటుని ఇస్తారు. తర్వాత గుర్రాన్నే ఇచ్చేస్తారు. దానికి బదులుగా దొరికేది ఒక్కటే, వేగం. ఎదుటివాడు ఊపిరి తీసుకునేలోగా మంత్రీ, ఏనుగులూ, శకట్లూ అన్నీ వాడి రాజు మీద పడిపోవాలి. ఒక్క ఎత్తు ఆలస్యమైతే ఇచ్చిన గుర్రం ఇచ్చినట్టే.

గుడివాడ కాలేజీలో చదివే రోజుల్లో ఈ ఆటతోనే పిచ్చేశ్వరరావు పేరు మోగిపోయింది. టోర్నమెంట్ ఫైనల్లో ఎదురుగా కూర్చున్నవాడు కాలేజీ చాంపియన్ హఫీజ్. ఆ రోజు హఫీజ్ ఓడిపోయి, సైకిల్ మీద స్టేషన్ దాకా దింపమని అడిగి, దారిలో ఆ ఎత్తులన్నీ నేర్పమని అడిగాడు. అప్పటినుంచీ బావలయ్యారు. బందరులో ఒకే చోట పనిచేయడం మొదలుపెట్టాక ప్రతి ఆదివారం ఇదే ఆట. మొదటి డజను ఎత్తులు ఇద్దరూ దండకం చదివినట్టు వేసేస్తారు. ఆ తర్వాత ఎవడో ఒకడు కొత్తదారి పడతాడు. అక్కడినుంచి అసలు యుద్ధం.

హఫీజ్ నల్లబంటు ముందుకొచ్చి తెల్లగుర్రం మీద కన్నేసింది. పిచ్చేశ్వరరావు గుర్రాన్ని కదపలేదు. తాపీగా కోట కట్టి, రాజుని భద్రం చేసుకున్నాడు.

“అయ్యో, గుర్రం పోతుందండీ” అంది సరోజ.

“పోనీయవమ్మా. దాణా ఖర్చు తగ్గుతుంది.”

మళ్ళీ నవ్వులు. హఫీజ్ గుర్రాన్ని తిన్నాడు. పిచ్చేశ్వరరావు మంత్రి దూకి ఆ బంటుని తినేసింది. వెంటనే ఇంకో బంటుని బలిచ్చాడు. ఎత్తు వెనక ఎత్తు, ఆగకుండా, ఆలోచించకుండా. శకటు దారి తెరిచాడు. రెండో గుర్రాన్ని దింపాడు. కనకరత్నం భర్త నోరు తెరుచుకుని చూస్తున్నాడు. సుభాషిణి భుజాలు సడలాయి. హఫీజ్ వైపు చూసి చిన్నగా నవ్వింది. చూశావా, అన్నట్టు.

హఫీజ్‌కి కూడా మనసు తేలికైపోయింది. ఏ జబ్బూ లేదు. అలసట, అంతే. అల్లా దయ. తను అనవసరంగా ఆడమనిషిని ఏడిపించాడు. రేపు మత్తు ఎంత ఇవ్వాలి, ఆమె బరువెంత, గొంతులో గొట్టం వేసేటప్పుడు గడ్డ అడ్డం వస్తుందా అని ఆలోచించుకుంటూ కూర్చున్నాడు.

అలా ఆలోచిస్తూనే బల్ల వైపు చూశాడు.

నల్లగుర్రాలు రెండూ బయటికి వచ్చేసి ఉన్నాయి. శకటు అంచున ఉంది. అవన్నీ తను వేసిన ఎత్తులే. ఎప్పుడు వేశాడో ఆయనకే గుర్తులేదు.

తను మత్తుమందు గురించి ఆలోచిస్తున్నాడు. ఆటని చేతులు ఆడేశాయి. తన చేతులు ఆడగలిగినప్పుడు, ఎదుటివాడి చేతులు ఎందుకు ఆడలేవు?

ఇంకోటి కూడా గుర్తొచ్చింది. ఈ మధ్య ఆదివారాలన్నీ ఆట డ్రా అవుతోంది. పిచ్చేశ్వరరావు గుర్రాన్ని మధ్యలోకి దూకిస్తాడు. మంత్రిని ఒక అడుగు వెనక్కి తీస్తాడు, మళ్ళీ ముందుకి వేస్తాడు, మళ్ళీ వెనక్కి. హఫీజ్ కూడా ఎదురుగా అదే చేస్తాడు. అదే చోటుకి మళ్ళీ మళ్ళీ వచ్చి డ్రా. పాతకాలం పుస్తకాల్లో కూడా అలాగే ఉంటుంది. కానీ కుర్రతనం నుంచీ పిచ్చేశ్వరరావుకి డ్రా అంటే అసహ్యం. ఓడిపోయినా సరే కొత్తదారిలో పడేవాడు. ఇప్పుడు పడడం లేదు. వయసొచ్చి నెమ్మదించాడనుకున్నాడు హఫీజ్.

నెమ్మదించడం కాదు. ఆ మనిషి దగ్గర మిగిలిన దారి అదొక్కటే.

సరిగ్గా అప్పుడే పిచ్చేశ్వరరావు ఏనుగుని మధ్య వరుసలోకి తెచ్చి హఫీజ్ మంత్రికి గురిపెట్టాడు.

“నీ మంత్రి పని చూసుకో బావా.”

పదకొండో ఎత్తు. హఫీజ్ మంత్రిని తప్పించాలి. ఎడమకి ఒక్క గడి జరపాలి. ఎప్పుడూ వేసేది అదే. అదే వేస్తే ఇంకో నాలుగైదు ఎత్తుల్లో డ్రా. అందరూ చప్పట్లు కొడతారు. సుభాషిణి కాఫీ తెప్పిస్తుంది. బావ పరువు నిలుస్తుంది. రేపు పొద్దున్న కనకరత్నం బల్లెక్కుతుంది.

కుడికి రెండు గడులు జరిపితే తెల్లరాజుకి చెక్.

అదేం గొప్ప ఎత్తు కాదు. దానికి జవాబు చదరంగం నేర్చుకున్న వారానికే తెలుస్తుంది. రాజుని మూలకి ఒక్క గడి జరిపితే సరిపోతుంది. కావాలనే అంత సులువైనది ఎంచుకున్నాడు హఫీజ్. జరుపు బావా, అని లోపల వేడుకున్నాడు. ఒక్క గడి జరిపావంటే నీ కాళ్ళు పట్టుకుని క్షమించమంటాను.

తలెత్తి కనకరత్నాన్ని చూశాడు. ఆమె తువ్వాలు సర్దుకుంటూ, సరోజతో బళ్ళో పిల్లల గురించి ఏదో చెబుతోంది. గడ్డ ఉన్నా గొంతు గణగణమంటోంది.

హఫీజ్ మంత్రిని కుడికి జరిపాడు.

“చెక్.”

పిచ్చేశ్వరరావు చెయ్యి అప్పటికే గాలిలో ఉంది. గుర్రాన్ని తీసి మధ్యలో దించింది. చెక్ చెప్పినా చెప్పకపోయినా ఆ గుర్రం వెళ్ళాల్సిన చోటు అదే.

“బావా, చెక్ చెప్పాను.”

“విన్నాను.” గుర్రాన్ని వెనక్కి పెట్టాడు. బల్లకేసి చూశాడు. చాలాసేపు చూశాడు. చూరు నుంచి వాననీళ్ళు చుక్కలు చుక్కలుగా రేకు మీద పడుతున్నాయి. మళ్ళీ గుర్రాన్ని తీశాడు. అక్కడే పెట్టాడు.

ఎవరూ నవ్వలేదు.

“రాజుకండీ డాక్టరుగారూ, చెక్ రాజుకి” అన్నాడు కనకరత్నం భర్త మెల్లగా, ఆయనకి వినపడలేదేమో అనుకుని.

పిచ్చేశ్వరరావు ఆ మాట పట్టించుకోలేదు. హఫీజ్ మంత్రిని వేలితో తట్టాడు.

“ఇది ఇక్కడ కాదు బావా.” ఎడమవైపు గడిని చూపించాడు. “నువ్వు దీన్ని ఇక్కడ పెట్టాలి. అప్పుడు నా గుర్రం ఇక్కడికొస్తుంది. ఇది నీ ఎత్తు కాదు.”

“ఈసారి ఇటు వేశాను.”

“ఇటు వెయ్యవు నువ్వు.” ఆ గొంతులో కోపం లేదు. దారి తప్పినవాడు ఊరు ఎటు అని అడుగుతున్నట్టు ఉంది. “ఎప్పుడూ వెయ్యలేదు.”

పిచ్చేశ్వరరావు తలెత్తాడు. సరోజ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. కనకరత్నం కళ్ళు దించుకుంది. ఆయన ఒక్కొక్కరి మొహమే చూసుకుంటూ వచ్చి భార్య దగ్గర ఆగాడు. పేషెంటు మొహం చూసి జబ్బు పట్టేసే డాక్టరాయన. ఆ మొహాల్లో తన జబ్బు చదువుకోవడానికి ఎంతోసేపు పట్టలేదు.

“సుభా, వీళ్ళని కిందికి తీసుకెళ్ళు” అన్నాడు.

* * *

మెట్ల మీద సుభాషిణి ఆగిపోయింది. మిగతావాళ్ళు దిగిపోయాక వెనక్కి వచ్చి, గుమ్మం బయట హఫీజ్‌ని పట్టుకుంది.

“అదే ఎత్తు వేస్తావనుకున్నాను అన్నయ్యా.”

హఫీజ్‌కి అర్థం కావడానికి ఒక క్షణం పట్టింది.

“నీకు తెలుసా?”

“రోజూ సాయంత్రం ఒక్కరే కూర్చుని రెండువైపులా వేసుకుంటారు. అదే ఆట. మొదట్నుంచి చివరిదాకా తప్పు పోకుండా. అది అయిపోయాక లేచి, మా అమ్మ ఎలా ఉందని అడుగుతారు. మా అమ్మ పోయి ఏడేళ్ళయింది.” కళ్ళు తుడుచుకోలేదు. కారనిచ్చింది. “అందుకే ఆటే పెట్టమన్నాను. నీకూ అదొక్కటే అలవాటు. బావని కాపాడతావనుకున్నాను.”

“కాపాడదామనే...”

“ఎవర్ని? ఆవిణ్ణా? కాపాడావులే. రేపట్నుంచి ఆయనకి పొద్దున్న లేవడానికి ఏం మిగిలిందో చెప్పి వెళ్ళు.”

ఆమె పక్కకి తప్పుకుంది.

వరండాలో పిచ్చేశ్వరరావు పావులు సర్దలేదు. కుర్చీని పిట్టగోడ దగ్గరికి లాక్కుని రోడ్డు చూస్తున్నాడు. కోనేరు సెంటర్ వైపు ఆటోలు వెళ్తున్నాయి.

“ఎప్పట్నుంచి అనుమానం నీకు?”

“అపెండిక్స్ నుంచి.”

“అంత ఆలస్యంగానా?” చిన్నగా నవ్వాడు. “నాకు సంక్రాంతి ముందు నుంచే తెలుసు. బయట ఎక్కడికక్కడ తప్పిపోతున్నాను బావా. మన ఇంటి వీధే కొత్తగా ఉంటుంది. థియేటర్లోకి వెళ్తే మాత్రం ఏ భయమూ ఉండదు. గ్లవ్స్ వేసుకోగానే చెయ్యి తన పని తను చేసుకుపోతుంది. నేను వెనక నిలబడి చూస్తూ ఉంటాను.”

“ఏదైనా అడ్డం వస్తే?”

“ఇన్నాళ్ళూ రాలేదు.” బల్ల మీది పావుల వైపు చూశాడు. “వస్తే ఏమవుతుందో ఇప్పుడే చూశాంగా.”

హఫీజ్ ఆయన పక్కన నేలమీదే కూర్చుండిపోయాడు.

“నన్ను తిట్టు బావా” అన్నాడు.

“తిట్టాలనే ఉంది. దేనికి తిడుతున్నానో మర్చిపోతే బాగుండదు.” పిచ్చేశ్వరరావు లేచి చొక్కా సర్దుకున్నాడు. “గుడివాడకి ఫోన్ చెయ్. లక్ష్మీకాంతాన్ని పొద్దున్నే రమ్మను. నేను ఇప్పుడే వెళ్ళి ఆ పిల్లకి చెప్పాలి. ఇప్పుడైతే గుర్తుంది.”

* * *

కింద వార్డులో కనకరత్నం మంచం మీద మఠం వేసుకుని కూర్చుంది. డాక్టరుని చూసి దిగబోయింది. ఆయన వద్దని చెయ్యి ఊపాడు.

“అమ్మా, రేపు నేను చెయ్యడం లేదు.”

“ఎందుకండీ?”

“చెయ్యి బాగానే ఉంది. నాకే బాలేదు.”

ఆమె మొగుడి వైపు చూసింది. అతను చూపు తిప్పుకున్నాడు.

“ఆటలో ఒక ఎత్తు తప్పు పోతే ఏమైందండీ? నేను రోజూ పిల్లలకి ఎక్కాలు తప్పు చెబుతుంటాను.”

“నువ్వు తప్పు చెబితే వాళ్ళు దిద్దుకుంటారు. నేను తప్పు చేస్తే నువ్వు మాట్లాడలేవు. డాక్టరు లక్ష్మీకాంతం వస్తున్నాడు. నాకంటే బాగా చేస్తాడు.”

“అయితే ఈ గడ్డతోనే ఇంటికెళ్ళిపోతానండి.”

“కనకం” అన్నాడు మొగుడు.

“నువ్వూరుకో. అందరూ కాలు తీసెయ్యమన్నప్పుడు ఈయన ఊరుకున్నారా?” ఆమె మెడకున్న తువ్వాలు బిగించుకుంది. “ఇంకొకరి చెయ్యి నా మీద పడ్డానికి నేనొప్పుకోను.”

పిచ్చేశ్వరరావు మంచం పక్కన స్టూలు మీద కూర్చున్నాడు. ఆమె కాలు వైపు చూశాడు. మడమ నుంచి మోకాలి దాకా పాత మచ్చ, చీర కుచ్చిళ్ళ కింద కొంచెం కనిపిస్తోంది. చాలాసేపు దాన్నే చూస్తూ ఉండిపోయాడు. హఫీజ్‌కి భయం వేసింది, మళ్ళీ ఎక్కడికో వెళ్ళిపోయాడేమోనని.

“దీనికి ఎవరు కుట్లు వేశారమ్మా?” అన్నాడు.

కనకరత్నం ఆయన మొహంలోకి చూసింది. పిడికిలి నోటికి అడ్డం పెట్టుకుంది. ఆ ఒక్క ప్రశ్నతో ఆమెకి అంతా తెలిసిపోయింది. వరండాలో చూసినప్పుడు కూడా ఆమె నమ్మలేదు. ఇప్పుడు నమ్మింది.

“మీరేనండి” అంది.

“బాగా వేశాను.”

“చాలా బాగా వేశారండి.” ఆయన చెయ్యి రెండు చేతులతో పట్టుకుంది. “సరే, ఆయన్నే కొయ్యమనండి. మీరు మాత్రం నా పక్కన ఉండాలి. మీ చెయ్యి నా మీద ఉండాలి. అలాగైతేనే.”

పిచ్చేశ్వరరావు హఫీజ్ వైపు తిరిగాడు. హఫీజ్ తలూపాడు.

* * *

సోమవారం ఉదయం థియేటర్లో లక్ష్మీకాంతం గురువు కాళ్ళకి దణ్ణం పెట్టి, మొహం చూడలేక చేతులు కడుక్కోవడానికి వెళ్ళిపోయాడు. పిచ్చేశ్వరరావు కూడా గౌను, మాస్కు వేసుకున్నాడు. సరోజ గ్లవ్స్ తెచ్చి, ఒక్క క్షణం ఆగి, ఆయనకి అందించకుండానే వెనక్కి తీసుకెళ్ళిపోయింది. ఆయన చాచిన చేతులు దించుకున్నాడు.

తల దగ్గర హఫీజ్ పక్కన ఇంకో స్టూలు వేశారు. ఈవైపు నుంచి చూస్తే లైటు కింద బల్ల, ఎదుట ఆకుపచ్చ గుడ్డలు. ముప్పై ఏళ్ళలో పిచ్చేశ్వరరావు థియేటర్‌ని ఇటువైపు నుంచి చూడలేదు. కనకరత్నం నుదుటి మీద చెయ్యి వేశాడు.

“ఉన్నారాండీ?” అంది కళ్ళు మూసుకునే.

“ఉన్నానమ్మా.”

హఫీజ్ మందు ఎక్కించాడు. ఆమె ఎక్కాలు చదవడం మొదలుపెట్టింది. ఏడో ఎక్కం మధ్యలో మాట జారిపోయింది.

లక్ష్మీకాంతం కత్తి అందుకున్నాడు. పని మొదలైంది. పిచ్చేశ్వరరావు అటు చూడలేదు. తన చేతినే చూసుకుంటూ కూర్చున్నాడు. మధ్యలో ఒకసారి ముడి జారింది. ఒక్కసారిగా రక్తం చిమ్మింది. సరోజ పరుగెత్తింది. లక్ష్మీకాంతం వేలితో నొక్కిపట్టి, ఆలోచించుకుని, లోపల ఇంకో దారి వెతుక్కుని, రక్తనాళాన్ని కట్టేశాడు. నరం భద్రంగా ఉందన్నాడు.

ఆ గొడవంతా జరుగుతున్నా నుదుటి మీద చెయ్యి కదల్లేదు.

చివరి కుట్టు పడింది. గొట్టం తీశాక కనకరత్నం దగ్గింది. హఫీజ్ వంగి పేరు అడిగాడు.

“కనకరత్నం” అంది. బొంగురుగా ఉంది. కానీ గొంతే.

లక్ష్మీకాంతం మాస్కు తీసి గోడ వైపు తిరిగి కళ్ళు తుడుచుకున్నాడు. సరోజ లైటు ఆర్పింది. అందరూ ఒక్కొక్కరే బయటికి వెళ్తున్నారు. వార్డుబాయ్‌లు స్ట్రెచర్ తెచ్చి, ఆయన లేస్తారేమోనని నిలబడ్డారు. ఆయన లేవలేదు.

“బావా” అన్నాడు పిచ్చేశ్వరరావు లోగొంతుకతో. “ఇక తీసెయ్యనా?”

హఫీజ్ ఆయన మణికట్టు పట్టుకున్నాడు.

“తీసెయ్ బావా.”

ఆయన చెయ్యి తీశాడు. ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు కాసేపు గాలిలోనే ఉంచి, తర్వాత ఒళ్ళో పెట్టుకుని, రెండో చేత్తో దాన్ని కప్పుకున్నాడు.